హారంలో లోపం లేదు

"నిటారుగా నిలబడు. మళ్లీ పక్కకి పోయింది."

నేను నిటారుగానే ఉన్నాను. ఆ మాట అంటే ఎదురు చెప్పినట్టు ఉంటుందని ఊపిరి బిగబట్టి ఇంకాస్త నిలబడ్డాను. ఆయన కొంచెం వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి, గోడకి పటం తగిలించేవాడిలా చూశారు. ముందుకొచ్చి హారం మధ్యనున్న నీలం రాయిని వేలి కొసతో తోసి నా గొంతు గుంటలోకి తెచ్చారు. చెయ్యి తీశారో లేదో అది నెమ్మదిగా ఎడమవైపు జారింది. "ఛ" అన్నారు. నన్ను అనలేదు, హారాన్నీ అనలేదు, దాన్ని అమ్మినవాళ్లని అన్నారు. ఇంకాసేపట్లో అతిథులు వస్తారు. పొద్దున డ్యూటీ దిగి వచ్చిన దగ్గర్నుంచి వంటింట్లోనే ఉన్నాను. వంట అయ్యాక స్నానం చేశాను. ఆయన దగ్గరికొచ్చి నా జుట్టు వాసన చూసి "ఇంకా పొయ్యి వాసన వస్తోంది" అంటే మళ్లీ తల కడుక్కున్నాను. పౌడరు రాయకూడదు, సెంటు కొట్టుకోకూడదు, క్రీము అసలే పనికిరాదు, రాళ్ల మెరుపు తగ్గుతుందట. అందుకని మా ఇంటికి అతిథులొచ్చిన రోజున నా దగ్గర ఏ వాసనా ఉండదు. ఇంటి గోడల్లాగే ఉంటాను.

ఆయన నగలు కొంటారు. షాపుల్లో కాదు, వేలంలో. ఈ మాట వినగానే ఆడవాళ్లు నా వైపు ఎలా చూస్తారో నాకు బాగా తెలుసు. పెట్టి పుట్టావు అన్నట్టు చూస్తారు. నిజానికి నగ అన్న మాటే ఆయనకి నచ్చదు, "పీసు" అంటారు. స్థలం కొంటే కబ్జా భయం, షేర్లు కొంటే నిద్ర పట్టదు, కొత్త బంగారం ఎవరి దగ్గర చూసినా ఉంటుంది, పాత పీసు అలా కాదు, చేసిన చెయ్యి పోయింది, రాయి తవ్విన గని మూతపడింది, అలాంటిది ఇంకోటి రాదు కాబట్టి ధర పెరగడమే తప్ప తగ్గడం లేదు. ఇది ఆయన సిద్ధాంతం. వేలం కంపెనీవాళ్లు బొమ్మల పుస్తకం అచ్చువేసి పంపితే పరీక్షకి చదివినట్టు చదువుతారు. కొన్నది కొన్నేళ్లు లాకర్లో ఉంచి మళ్లీ వేలంలోనే అమ్ముతారు. మొట్టమొదట పచ్చల దుద్దులు కొని తెచ్చినప్పుడు నేను కొత్త కోడల్ని కాను గానీ బుద్ధిలేనిదాన్ని. నాకే అనుకున్నాను. మా ఆఫీసులో ఒకావిడ రిటైరవుతుంటే ఆ పూట పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. ఆయన గుమ్మంలోంచి చూసి నవ్వారు. కోప్పడి ఉంటే బావుండేది. "తీసెయ్. అవి పెట్టుకోడానికి కొన్నవి కాదు" అన్నారు, పసిపిల్లకి చెప్పినట్టు. అత్తయ్య ముందు గదిలోంచే అందుకున్నారు. "వాడేదో పెట్టుబడి అని తెచ్చుకుంటే అప్పుడే చెవులు చాపుకుని కూర్చున్నావా అమ్మాయ్?" తల్లీ కొడుకూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఆ రోజుల్లో నాకు నవ్వడం బాగా వచ్చు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కొన్నవన్నీ నా పేరు మీదే కొన్నారు. లెక్కలు చూసిపెట్టే ఆయన అలా చెయ్యమన్నాడట, పన్ను కలిసొస్తుందట. ఆయన కాగితం మీద వేలు పెట్టి చూపిస్తారు, నేను ఆ వేలి పక్కన సంతకం చేస్తాను. వేలు తీసేలోగా చదవడం కుదరదు. ఎప్పుడైనా నేను ముఖం ముడుచుకుని తిరిగితే మాత్రం ఆ కాగితాలు గుర్తొస్తాయి ఆయనకి. "ఇంత సరుకు నీ పేరు మీద పెట్టాను. ఏ మొగుడు పెడతాడు చెప్పు? ఇంకా నీకేం లోటు?" అంటారు. ఆ లోటు పేరేమిటో నాకూ వెంటనే తట్టేది కాదు.

పెట్టెలో ఉన్న పీసు శవంతో సమానమని, మనిషి ఒంటి మీదకొస్తేనే దానికి ప్రాణం వస్తుందని ఎవరో ఆయనకి చెప్పారు. అప్పట్నుంచి మొదలయ్యాయి ఈ భోజనాలు. కొనేవాళ్లు, కొనిపించేవాళ్లు, ఇద్దరి మధ్యా తిరిగేవాళ్లు వస్తారు. నేను వండుతాను, పెట్టుకుంటాను, వడ్డిస్తాను. "చాలమ్మా" అన్న మాట కూడా నా మెడ వైపు చూసే అంటారు. మధ్యలో ఆయన "ఏదీ, ఒక్కసారి" అంటూ నా వెనక్కొచ్చి కొక్కెం విప్పుతారు. హారం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళుతుంది. మళ్లీ పెట్టేదాకా నేను బోసి మెడతో గిన్నె పట్టుకుని నిలబడాలి. ఒకసారి ఒకాయన, మా నాన్న వయసుంటుంది, దాన్ని అరచేతిలో వేసుకుని "ఇంకా వెచ్చగా ఉంది" అన్నాడు. అందరూ మెచ్చుకోలుగా తలలూపారు. ఆ వేడి నా ఒంటిది. ఏడుపు రాలేదు నాకు, ఒళ్లు మండింది. ఆ మంటతోనే అందరికీ రెండోసారి వడ్డించాను.

బయట నాకు ఇంకో బతుకు ఉంది. బస్టాండులో మైకు గది నాది. ఏ బస్సు ఎక్కడికి, ఏ ప్లాట్‌ఫారం మీద ఉంది, ఎప్పుడు కదులుతుంది, ఎవరి పిల్లాడు తప్పిపోయి ఆఫీసులో కూర్చుని ఏడుస్తున్నాడు, అన్నీ నేనే చెప్తాను. అక్కడ నా ముఖం ఎవరికీ తెలీదు, గొంతు తెలీనివాళ్లు లేరు. పోర్టర్లు మైకు అక్క అంటారు. ఒకసారి కూరగాయలు బేరమాడుతుంటే పక్కనున్న ముసలావిడ నా మాట విని చెయ్యి పట్టుకుంది. "నువ్వు బస్టాండు అమ్మాయివి కదూ? నువ్వు పిలిస్తే ఇంక బస్సు తప్పదని ధీమాగా ఉంటుందే" అంది. నా జన్మలో నాకొచ్చిన బిరుదు అదొక్కటే. ఇంటికెళ్లి చెప్పుకోలేదు. చెబితే ఎవరో ఒకరు దాన్ని కూడా తీసెయ్యమంటారని భయం.

ఆ గొంతు బొంగురుపోవడం మొదలైంది. మా పై అధికారి "జలుబా అమ్మా?" అన్నాడు, నెల తిరిగాక "ఇంకా జలుబేనా?" అన్నాడు. అత్తయ్య "పొద్దస్తమానం ఆ మైకులో అరిస్తే గొంతు ఉంటుందా" అన్నారు. ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా "వేన్నీళ్లు పుక్కిలించు" అన్నారు. ముద్ద మింగుతుంటే మధ్యలో ఆగి, ఆలోచించుకుని, అప్పుడు దిగేది. మెడ మాత్రం నిండుగా కనబడుతోందని అందరూ మెచ్చుకున్నారు. "ఇన్నాళ్లకి ఒళ్లు చేసింది" అన్నారు అత్తయ్య. "హారానికి ఇలాంటి మెడే కావాలి" అన్నారు ఆయన. నేను ఒళ్లు చెయ్యలేదు, చిక్కిపోతున్నాను. బట్టలన్నీ వదులైపోతున్నాయి. అది ఎవరి కంటా పడలేదు. అద్దంలో నేనూ చూసుకోలేదేమో. అంత పెద్ద నీలం రాయి మెరుస్తుంటే దాని వెనక ఉన్న చర్మం మీదకి చూపు వెళ్లదు.

హారం వంకరపోతోందని గొడవ మొదలైంది కూడా ఆ రోజుల్లోనే. ఆయనకి అది పెద్ద బెంగ అయిపోయింది. ఆ ఒక్క పీసు మీద ఉన్నదంతా పెట్టారు, వచ్చే వేలంలో అమ్మి ఇంతకింత చెయ్యాలని ఆశ. నగలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళితే రెండువైపులా కొలిచి సమానంగా ఉన్నాయన్నాడు. అతని మాట నమ్మకుండా ఇంకొకరి దగ్గరికి వెళ్లారు, అతనూ అదే మాట అన్నాడు. ఎక్కడో ఒక లింకు విరిగితే అతుకు వేసి మనకి అంటగట్టారని అనుమానం వచ్చి, రాళ్లూ లోహాలూ పరీక్షించే చోటికి తీసుకెళ్లి, ఎముకలకి తీసినట్టు దానికి ఎక్స్‌రే తీయించారు. ఏ అతుకూ కనబడలేదు. అయినా నిద్ర లేదు ఆయనకి, వేలం కంపెనీకి ఉత్తరం మీద ఉత్తరం రాశారు. నేను పక్కగదిలో దగ్గుతుంటే "తలుపు వేసుకో, ఫోన్లో మాట్లాడుతున్నా" అనేవారు. ఆ నెలల్లో ఆ హారాన్ని ఎంతమంది పరీక్షించారో, నన్ను పుట్టినప్పట్నుంచీ అంతమంది చూసి ఉండరు.

చివరికి వేలం కంపెనీలో నగల విభాగం చూసే మేడమ్ రమ్మంది. ఎలాగూ అమ్మకానికి ఫోటో తియ్యాలి, హారాన్నీ నన్నూ కూడా తీసుకురమ్మంది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, చేతులకి తెల్ల గుడ్డ తొడుగులు వేసుకుని, నవ్వు ఖర్చు పెట్టని మనిషి. ముందు హారాన్ని చెక్క బొమ్మ మెడకి పెట్టింది. నీలం నిటారుగా కూర్చుంది. దగ్గరున్న అసిస్టెంటు అమ్మాయికి పెట్టింది. నిటారుగా కూర్చుంది. అప్పుడు నాకు పెట్టింది. నీలం నెమ్మదిగా ఎడమవైపు జారింది. ఫోటోగ్రాఫరు కెమెరా కిందికి దించాడు. మేడమ్ చేతి తొడుగులు తీసేసి, హారాన్ని పక్కకి జరిపి, నా గొంతు కుడివైపు బొటనవేలు ఆనించింది. అన్నేళ్లలో నగ కోసం కాకుండా నా మెడని ముట్టుకున్న మొదటి చెయ్యి అది.

"మింగండి" అంది. మింగాను. ఆవిడ వేలి కింద ఏదో పైకీ కిందికీ కదిలింది.

"ఇది ఎన్నాళ్లుగా ఉంది?"

"ఏది?" అన్నాను.

ఆవిడ జవాబు చెప్పేలోగా ఆయన పక్కనుంచి గట్టిగా ఊపిరి వదిలారు. "అమ్మయ్య. అంటే హారంలో లోపం లేదన్నమాట."

కాపురంలో చాలా మాటలు పడ్డాను. కొన్నిటికి పడుకుని ఏడ్చాను, కొన్నిటికి గిన్నెలు గట్టిగా పెట్టాను. ఈ మాట అలాంటిది కాదు. అది అంటున్నప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు, వెటకారం లేదు, కల్మషం అసలే లేదు. నెలల తరబడి గుండెల మీదున్న బరువు దిగిపోయిన మనిషి ముఖం అది. మేడమ్ ఆయన వైపు ఒక్క క్షణం చూసి మళ్లీ తొడుగులు వేసుకుంది. నాకు మొదటిసారి భయం వేసింది. గడ్డకి కాదు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చుట్టూ తిప్పకుండా చెప్పింది. సూది పెట్టి చేసిన పరీక్షలో మంచి గడ్డ కాదని వచ్చింది, తీసెయ్యాలి, గొంతుకి మాటనిచ్చే నరం దాని పక్కనే ఉంది, ఎంత తొందరగా తీస్తే మాట మిగిలే అవకాశం అంత ఎక్కువ. ఆయన శ్రద్ధగా విని, "గాటు ఎక్కడ పడుతుందండీ?" అని అడిగారు. డాక్టరమ్మ తన మెడ మీదే వేలితో అడ్డంగా గీసి చూపించింది. సరిగ్గా నీలం కూర్చునే చోటు.

"మచ్చ కనబడుతుందా?"

"కొన్నాళ్లు కనబడుతుంది."

"అయితే ఈ వేలం అయ్యాక పెట్టుకుందామండీ. నెలాఖరుకే. ముందురోజు కొనేవాళ్లకి చూపించే కార్యక్రమం ఉంటుంది, తను పెట్టుకుని నిలబడాలి."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "మీరేమంటారమ్మా?" అంది. చెప్పాలనుకున్నాను. కానీ ఆ రోజుల్లో నా గొంతు ఒక్క మాటకి రెండుసార్లు సవరించుకుంటే గానీ లేచేది కాదు. నేను సవరించుకుంటుంటే ఆయన అందుకున్నారు. "తనకేం అభ్యంతరం లేదండీ. మేం మాట్లాడుకున్నాం." మేం ఏమీ మాట్లాడుకోలేదు. డాక్టరమ్మ ఇంకాసేపు నా వైపే చూసింది. నేను తల దించుకున్నాను. ఎందుకు దించుకున్నానని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూ ఉంటాను. ఆవిడ నెలాఖరు దాటిన రెండు వారాలకి ఒక తేదీ రాసింది.

"వాడు ఎవరి కోసం చేస్తున్నాడు చెప్పు, ఇంటి కోసమేగా" అన్నారు అత్తయ్య. "ఇన్నాళ్లున్న గడ్డ ఇంకో నెల ఉంటే ఏమైపోతుందే?" అని కూడా అన్నారు. ఆ పూట అంట్లు మాత్రం ఆవిడే కడిగారు. మా ఇంట్లో అంతకంటే పెద్ద సానుభూతి లేదు కాబట్టి నేను కాదనలేదు.

వేలం పుస్తకం అచ్చయి వచ్చింది. మా పీసులన్నిటికీ కలిపి "ఒక గృహిణి జీవితకాలపు సేకరణ" అని పేరు పెట్టారు. సున్నితమైన అభిరుచి గల ఒక మహిళ ఏళ్ల తరబడి ప్రేమగా ఏరి కూర్చుకున్న నగలట అవి. ఆ మహిళ ఎవరా అని నేనూ ఆసక్తిగా చదివాను. ఆయనే అలా రాయించారు. వ్యాపారి సరుకంటే బేరమాడతారు, ఆడమనిషి మనసుపడి దాచుకున్నదంటే ధర పలుకుతుందని ఆయనకి తెలుసు. అట్ట మీద నా బొమ్మే ఉంది, గడ్డం దగ్గర్నుంచి గుండెల పైదాకా. నీలం సరిగ్గా మధ్యలో ఉంది. మెడ రెండువైపులా సమానంగా, నున్నగా, పాతికేళ్ల పిల్ల మెడలా ఉంది. "చూశావా, కంప్యూటర్లో గడ్డ తీసేశారు" అన్నారు ఆయన సంబరంగా. నేను ఆ బొమ్మని చాలాసేపు చూశాను. అందులో తీసేసిన గడ్డ నా గొంతులో మింగుడు పడకుండా కూర్చునే ఉంది.

ఆ వారంలోనే బస్టాండులో అది జరిగింది. సాయంత్రం దూరపు ఊరి బస్సు ఒకటి చివరి నిమిషంలో ప్లాట్‌ఫారం మార్చారు. చీటీ నా ముందు పెట్టారు. మైకు నొక్కి "ప్రయాణికులు దయచేసి" అన్నాను. అన్నాననుకున్నాను. గాలి తప్ప ఏమీ రాలేదు. నీళ్లు తాగి మళ్లీ నొక్కాను. స్పీకర్లలోంచి బుసబుసమని శబ్దం బస్టాండంతా వినబడింది. మా పై అధికారి పరిగెత్తుకొచ్చి తనే చెప్పేసరికి బస్సు కదిలిపోయింది. కాసేపటికి ఒక ముసలాయన చేతిసంచీతో విచారణ కౌంటర్ దగ్గరికొచ్చాడు. కౌంటర్లో ఉండే అక్క నన్ను పిలిస్తే నేనూ వెళ్లాను. కళ్లు సరిగ్గా ఆనవు ఆయనకి, బోర్డులు చదవలేడు. ఊళ్లో కూతురికి నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే బయల్దేరాడు. మళ్లీ బస్సు పొద్దున్నే. "పిలవలేదేంటమ్మా ఇవాళ?" అన్నాడు. కోపంగా అనలేదు. "నువ్వు పిలుస్తావు కదా అని కూర్చున్నాను" అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలీకుండానే.

కౌంటర్ అక్క ఆయన్ని ఆఫీసులో కూర్చోబెట్టి టీ తెప్పించింది. నేను మైకు గదిలోకెళ్లి తలుపు వేసుకున్నాను. నన్ను నమ్ముకుని ఒక మనిషి బెంచీ మీద కూర్చున్నాడు. నా గొంతు పోతే పోయేది నా ఒక్కదానిదే అనుకుంటూ వచ్చాను. నాది మాత్రమే అయినది ఏది పోయినా మా ఇంట్లో పెద్ద నష్టం కాదు కాబట్టి నాకూ అదే అలవాటైంది. సెలవు చీటీ రాసి పెట్టి, అక్కని వెంటబెట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లాను.

"ఆపరేషన్‌కి అన్నిటికంటే ముందు మంచం ఎప్పుడు దొరుకుతుంది?" అని అడిగాను.

డాక్టరమ్మ చూసి చెప్పింది. వేలానికి ముందురోజు. హారం చూపించే రోజు. "మరి మీవారు?" అంది.

"ఆయన్ని అడగలేదు. మెడ నాదే కదా డాక్టరు గారూ" అన్నాను. ఆ మాటకి నాకే నవ్వొచ్చింది. నవ్వుకి కూడా చప్పుడు రాలేదు.

ఆ రోజు పొద్దున ఆయన, హారం కిందికి నేను కట్టుకోవాల్సిన నల్ల బట్టలు తనే ఇస్త్రీ చేయించి తెచ్చి కుర్చీ మీద వేశారు. నేను చిన్న సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దగ్గర చెప్పాను, ఆసుపత్రికి వెళుతున్నానని, ఇవాళే ఆపరేషన్ అని. ముందు అర్థం కాలేదు ఆయనకి. అర్థమయ్యాక ముఖం తెల్లబోయింది. "ఇవాళా? ఒక్క రెండు రోజులు ఆగలేవా? ఎంతమంది వస్తున్నారో తెలుసా? పుస్తకం అట్ట మీద నీ బొమ్మ వేయించాను. ఇప్పుడు ఆ హారం ఎవరికి పెట్టమంటావు?"

"చెక్క బొమ్మకి పెట్టండి. దాని మీద నిటారుగా ఉంటుంది" అన్నాను.

అత్తయ్య చేతిలో కాఫీ గ్లాసుతో అలాగే నిలబడిపోయారు. నేను మెట్లు దిగుతుంటే ఆయన వెనకనుంచి నా పేరు పెట్టి పిలిచారు. చాలా రోజులైంది ఆ పేరు విని. ఆగలేదు.

గడ్డ నరానికి అంటుకుపోయి ఉందట. ఒక వైపు నరాన్ని కాపాడగలిగారు, రెండోది గడ్డతోపాటే పోయింది. "ముందు రాసిన తేదీదాకా ఆగి ఉంటే రెండూ పోయేవి" అంది డాక్టరమ్మ. "వంకరపోవడం మొదలైనప్పుడే వచ్చి ఉంటే ఏదీ పోయేది కాదు" అని కూడా అంది. ఆవిడకి అబద్ధాలు చేతకావు. ఇంక నాకు మిగిలేది గుసగుస లాంటి గొంతు, అదీ మనిషి చెవి దగ్గర పెడితేనే. మైకు పట్టుకునే గొంతు కాదు. పక్కకి తిరిగి పడుకుని, కట్టు తడవకుండా ఏడ్చాను.

మర్నాడు సాయంత్రం ఆయన వచ్చారు. మంచం పక్క కుర్చీలో కూలబడి తల పట్టుకున్నారు. నా కోసమేననుకుని చెయ్యి చాపాను. "కాలిపోయింది" అన్నారు. ఆ వ్యాపారంలో ఎవరూ కొనకుండా మిగిలిపోయిన పీసుని కాలిన పీసు అంటారు. ప్రతి పీసుకీ ఇంతకంటే తక్కువైతే ఇవ్వం అని ముందే లోపాయికారీగా ఒక ధర అనుకుంటారు, పాట అక్కడిదాకా రాకపోతే అది అమ్ముడుపోనట్టే. అంతమంది ముందు మిగిలిపోయినదాన్ని మళ్లీ ఎవరూ మంచి ధరకి అడగరు. "అడుగు దూరంలో ఆగిపోయింది పాట. చెక్క బొమ్మ మీద పెడితే ఎవడికి ఆశ పుడుతుంది? నువ్వు నిలబడి ఉంటే ఎక్కడికో వెళ్లేది" అన్నారు. నా చెయ్యి ఇంకా చాపే ఉంది. వెనక్కి తీసుకుని దుప్పటి కింద పెట్టుకున్నాను. నొప్పిగా ఉందా అని అడుగుతారేమోనని ఆయన లేచేదాకా చూశాను. కిందికెళ్లి ఏమైనా తిని వస్తానన్నారు.

ఆయన అటు వెళ్లాక మేడమ్ వచ్చింది. పూలూ పళ్లూ తేలేదు. ఆ తెల్ల తొడుగులు లేని చేతులు మంచం పట్టె మీద ఆనించి నిలబడి, "మిమ్మల్ని ఒకటి అడగాలి" అంది. చివరిదాకా పాడి ఆగిపోయిన మనిషి, తను పాడిన ధరకే హారం ఇస్తారేమో కనుక్కోమన్నాడట. వేలం అయ్యాక కూడా అలా ఇచ్చే పద్ధతి ఉందట, యజమాని ఒప్పుకుంటే. "కాగితాల ప్రకారం యజమాని మీరు. మీవారిని కనుక్కుని చెప్తానంటే రేపటిదాకా ఆగుతాను" అంది. నేను అక్కర్లేదని తల అడ్డంగా ఊపాను. ఊపితే కుట్లు లాగాయి. "మరి ఇచ్చెయ్యమంటారా?" అంది. నిలువుగా ఊపాను. డబ్బు ఏ ఖాతాకి వెయ్యాలని అడిగింది. నా జీతం పడే ఖాతా చెప్పాను, ఆవిడ చెవి నా నోటి దగ్గర పెట్టి ఓపిగ్గా విన్నది. కాగితం ఇచ్చింది. ఈసారి పక్కన ఎవరి వేలూ లేదు. మొత్తం చదివి సంతకం చేశాను.

ఇప్పుడు బస్టాండులో నా పాత రికార్డింగులు వేస్తున్నారు. మైకు పాడైన రోజుల కోసం ఎప్పుడో ఊళ్ల పేర్లన్నీ చదివించి దాచుకున్నారు. నన్ను ప్రయాణికులు మర్చిపోయిన సామాన్ల గదిలో వేశారు. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పుల మధ్య కూర్చుని నా గొంతు నేనే వింటూ ఉంటాను. ఎంత ధీమాగా ఉండేదో. ఇంకా వైద్యం ఉంది, మందులున్నాయి, ఆర్నెల్లకోసారి పరీక్షలున్నాయి, గడ్డ మళ్లీ రాదని ఎవరూ మాటివ్వలేదు. ఇంటి దగ్గర ఆయన నాతో మాట్లాడటం మానేశారు. నేను మాట్లాడటం మానేశానన్న సంగతి గమనించినట్టు లేదు. ఆ హారం వేలం కంపెనీ లాకర్లోనే ఉందని, వేడి చల్లారాక తెచ్చుకోవచ్చని ఆయన లెక్క.

నిన్న సాయంత్రం నేను అద్దం ముందు డాక్టరమ్మ ఇచ్చిన ఆయింట్‌మెంటు మచ్చకి రాసుకుంటున్నాను. ఆయన వెనకనుంచి వచ్చి ఆగారు. అద్దంలోంచి నా మెడని చూశారు. ఒక కన్ను మూశారు. ఆ చూపు నాకు బాగా తెలుసు.

"పర్లేదే" అన్నారు, ఎన్నాళ్లకో మెత్తగా. "గాటు సరిగ్గా హారం కిందకొస్తుంది. పెట్టుకుంటే కనబడనే కనబడదు. ఇప్పుడింక వంకర కూడా పోదు. రేపు వెళ్లి తెచ్చేద్దాం, ఒకసారి పెట్టి చూడాలి. వచ్చే వేలానికి ఇంకో కంపెనీకి ఇద్దాం. ఏదీ, నిటారుగా నిలబడు."

నేను ఆయన వైపు తిరిగి చెప్పాను. నా గుసగుస ఆయనకి అందలేదు. "ఏంటీ? వినబడట్లా" అన్నారు. మళ్లీ చెప్పాను. ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి ఆయన తల వంచి, నా నోటి దగ్గర చెవి పెట్టి విన్నారు.

"అమ్మేశారు" అన్నాను.

"అమ్మేశారా?" పక్కగదిలో అత్తయ్య టీవీ కట్టేశారు. "ఎవరు? ఆ మేడమా? ఎంతకి? ఎవర్నడిగి అమ్మారు వాళ్లు?"

తొందరేమీ లేదు. గొంతు సవరించుకున్నాను. మళ్లీ సవరించుకున్నాను. ఈసారి నా బదులు చెప్పడం ఆయనకి కుదరదు, వంచిన తల అలాగే ఉంది.

"నన్ను అడిగారు."